పేడ, మూత్రం, మిగిలిన అన్నం: వాటిలోని పోషకాలు పోకుండా పొలానికి చేర్చే పద్ధతి

నాలుగు గేదెలున్న ఇంటి లెక్క ఒకటి ముందు వేద్దాం. ఒక్కో పశువు రోజుకు 12 కిలోల దాకా పేడ వేస్తుంది. నాలుగింటికి దాదాపు 50 కిలోలు, ఏడాదికి 18 టన్నులు. పచ్చి పేడలో నత్రజని 0.3 శాతం అనుకున్నా 54 కిలోలు వస్తుంది. ఇక మూత్రం సంగతి. పశువుకు రోజుకు 7 లీటర్ల చొప్పున తక్కువ లెక్క వేసినా ఏడాదికి 10 వేల లీటర్లు. అందులో నత్రజని 0.8 శాతం ఉంటే 80 కిలోలు. మేతను బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి గానీ అసలు విషయం మారదు. పేడలో కన్నా మూత్రంలోనే నత్రజని ఎక్కువ. పొటాష్ కూడా ఎక్కువగా అందులోనే ఉంటుంది. భాస్వరం మాత్రం పేడలో ఉంటుంది.

45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే ఆ నాలుగు గేదెల కొట్టం నుంచి ఏటా ఆరు బస్తాల యూరియాకు సరిపడా నత్రజని బయటికొస్తోంది. అందులో పొలానికి చేరేది ఎంత? చాలా ఊళ్లలో మూత్రం మొత్తం కాలువలోకి పోతుంది. పేడ ఎండలో పెంటకుప్పగా పడి ఉంటుంది. వానాకాలంలో ఆ కుప్ప కింద నుంచి కాఫీ రంగు నీళ్లు కారుతుంటాయి. ఆ నీళ్లతో పాటు పోయేది పొటాష్, కరిగిన నత్రజని. అందుకే ఎరువు తయారు చేయడం కన్నా, ఉన్నదాన్ని పోకుండా ఆపడం ముందు నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మార్గదర్శి అంతా దాని గురించే.

నత్రజని ఎలా పోతుందో ముందు తెలుసుకోండి

మూత్రంలో నత్రజని యూరియా రూపంలో ఉంటుంది. పేడలో ఉండే సూక్ష్మజీవుల ఎంజైము ఆ యూరియాను అమోనియాగా మారుస్తుంది. మూత్రం, పేడ నేల మీద కలిసిన కొన్ని గంటల్లోనే ఇది మొదలవుతుంది. పొద్దున్నే మూసి ఉన్న కొట్టంలోకి వెళ్తే కళ్లు మండేది ఈ అమోనియా వల్లే. ఆ వాసన వస్తోందంటే ఎరువు గాలిలో కలుస్తున్నట్టే. ఎండ, గాలి, క్షార గుణం ఈ మూడూ దాన్ని ఇంకా తొందర చేస్తాయి.

క్షారం అంటే గుర్తొచ్చింది. పొయ్యిలో బూడిదను రోజూ పెంటకుప్ప మీద పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బూడిదలో పొటాష్ ఉంది, మంచిదే. కానీ అది క్షారం. పచ్చి పేడ మీద, మూత్రం మీద పడితే అమోనియాను పైకి తరిమేస్తుంది. సున్నం కూడా అంతే. బూడిదను విడిగా ఒక డ్రమ్ములో దాచి, కొబ్బరి, అరటి మొదళ్లకు నేరుగా వేసుకోండి. పేడలో మాత్రం కలపకండి.

పిడకల గురించి కూడా ఒక మాట. పేడను కాల్చితే నత్రజని మొత్తం పొగలో పోతుంది, భాస్వరం, పొటాష్ బూడిదలో మిగులుతాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులో అదే పేడ నుంచి మంటా వస్తుంది, నత్రజనీ మిగులుతుంది. ఎందుకంటే గ్యాసుగా పోయేది ప్రధానంగా కర్బనమే. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అన్నీ స్లర్రీలోనే, అంటే ప్లాంటు నుంచి బయటికొచ్చే పలచటి పేడలోనే ఉండిపోతాయి.

మొదటి పని: కొట్టం నేల

డబ్బు పెట్టగలిగితే సిమెంటు నేల వేసి, పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఇచ్చి, వెనక చిన్న కాలువ పెట్టండి. కాలువ చివర మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్మును భూమిలోకి దించండి. మూత ముఖ్యం. తెరిచిన తొట్టిలో నిలవ ఉంచిన మూత్రం రోజురోజుకూ బలహీనమవుతుంది. ఇంకో జాగ్రత్త: కొట్టం కడిగే ముందు పేడను పారతో ఎత్తేయండి. పైపు పెట్టి పేడతో సహా కడిగేస్తే ఎరువు పలచబడి, మోయలేనంత నీళ్లు అవుతుంది.

సిమెంటు వేసే స్తోమత లేకపోతే పాత పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పశువుల కింద అర అడుగు పొడి మట్టి పరచండి, లేదా పశువుకు రోజుకు 2–3 కిలోల చొప్పున తినగా మిగిలిన గడ్డి, ఎండుటాకులు, వేరుశనగ పొట్టు వేయండి. అవి మూత్రాన్ని పీల్చుకుంటాయి. తడిసిన పక్కను ఎప్పటికప్పుడు తీసి కుప్పలో వేసి, మళ్లీ పొడిది పరచండి. రంపపు పొట్టు కూడా వాడవచ్చు కానీ అందులో కర్బనం మరీ ఎక్కువ, కుళ్లడానికి చాలా కాలం పడుతుంది. కొంచెమే వాడండి.

డ్రమ్ములోని మూత్రాన్ని కూరగాయల మొదళ్లకు పోయాలనుకుంటే పదింతల నీళ్లు కలిపి, ఆకుల మీద పడకుండా, సాయంత్రం పూట పోసి పైన మట్టి కప్పండి. అయితే నా సలహా అడిగితే, దాన్ని ఎండు చెత్త కుప్ప మీద పోయడమే మేలు. చెత్తలోని కర్బనం ఆ నత్రజనిని పట్టి ఉంచుతుంది, నత్రజని అందిన చెత్త తొందరగా కుళ్లుతుంది.

రెండో పని: గ్యాస్ ప్లాంటా, కుప్పా?

నాలుగు నుంచి ఆరు పశువులు, రోజుకు 50 కిలోల పేడ, దగ్గర్లో నీళ్లు ఉంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు కట్టుకోవడం మంచిది. ఐదారుగురున్న ఇంటికి వంట గ్యాసు వస్తుంది. 1984లో వచ్చిన దీనబంధు నమూనా పూర్తిగా భూమిలోపల ఇటుకలతో కట్టేది, ఇనుప డ్రమ్ము ఉండదు కాబట్టి తుప్పు బెడద లేదు. అయితే డోమ్ కట్టడంలో చేయి తిరిగిన మేస్త్రీనే పెట్టుకోవాలి. సన్నని పగులు ఉన్నా గ్యాసు నిలవదు.

రెండే పశువులున్నా, వేసవిలో నీళ్లకు కటకట ఉన్నా ప్లాంటు జోలికి పోకండి. కంపోస్టు చాలు.

గ్యాస్ ప్లాంటు నడపడం

రోజూ పేడ, నీళ్లు సమపాళ్లలో. 50 కిలోల పేడకు 50 లీటర్ల నీళ్లు. గడ్డి పరకలు, రాళ్లు, ఇసుక ఏరేయండి. ఇసుక అడుగున పేరుకుని కొన్నేళ్లకు ప్లాంటు సామర్థ్యాన్ని తినేస్తుంది. మొదటిసారి నింపాక గ్యాసు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. మొదట వచ్చే గ్యాసులో గాలి, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయండి.

ఇందులో మిగిలిన అన్నం, కూరగాయల తుక్కు వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. వేయవచ్చు. కిలోకు కిలో పోల్చితే పేడ కన్నా చాలా ఎక్కువ గ్యాసు ఇస్తుంది, ఎందుకంటే పేడ అప్పటికే ఒకసారి పశువు కడుపులో అరిగి వచ్చిన సరుకు. చిక్కు ఎక్కడంటే, అన్నం, పిండి పదార్థాలు చాలా వేగంగా పులిసి ఆమ్లాలవుతాయి. మంటకు పనికొచ్చే మీథేన్ వాయువును తయారు చేసే సూక్ష్మజీవులు నిదానంగా పనిచేస్తాయి. ఆమ్లం వాటి వేగాన్ని దాటి పేరుకుంటే అవి ఆగిపోతాయి.

కాబట్టి ప్లాంటు కనీసం రెండు నెలలు పేడతో స్థిరంగా నడిచాకే ఆహార వ్యర్థం మొదలుపెట్టండి. తొలి వారం రోజుకు ఒక కిలో. మంట బాగుంటే వారానికో కిలో పెంచుకుంటూ, పేడ బరువులో పదో వంతు దగ్గర ఆగండి. ముక్కలను మెత్తగా నలిపి, నీళ్లలో కలిపి పోయండి. ఎముకలు, గుడ్డు పెంకులు, కొబ్బరి పీచు అందులో అరగవు. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లిపొట్టు ఎక్కువగా వేయకండి. సబ్బు నీళ్లు, ఫినాయిల్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేసిన పశువు పేడ అసలు పోయకూడదు. అవి సూక్ష్మజీవులను చంపేస్తాయి.

పొయ్యి దగ్గర మంట వెలిగి వెలగనట్టు ఉంటే, బయటికొచ్చే స్లర్రీ పుల్లటి వాసన వేస్తే ప్లాంటు పులిసిందని అర్థం. మందుల దుకాణాల్లో, ల్యాబ్ సామాన్ల షాపుల్లో దొరికే, పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితంతో చూడండి. 6.8 నుంచి 7.4 మధ్య ఉండాలి. 6.5 కన్నా తగ్గితే ఆహార వ్యర్థం వెంటనే ఆపేసి, వారం పది రోజులు పేడ ఒక్కటే, అదీ సగం మోతాదులో పోయండి. మరీ పడిపోతే సున్నపు తేట కొద్దికొద్దిగా కలపవచ్చు. చాలాసార్లు ఆహారం ఆపితేనే కోలుకుంటుంది.

ఒక ప్రాణాంతకమైన విషయం. శుభ్రం చేయాలని గానీ, పడిపోయిన వస్తువు తీయాలని గానీ, పేడ అరిగే డైజెస్టర్‌లోకి, స్లర్రీ గుంటలోకి ఎవరూ దిగకూడదు. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, మనిషి క్షణాల్లో పడిపోతాడు. కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా పోతాడు. పిల్లలున్న ఇంట్లో స్లర్రీ గుంటకు కంచో, గట్టి మూతో ఉండి తీరాలి.

స్లర్రీని ఎండబెట్టకండి

ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. ప్లాంటులో అరిగాక నత్రజనిలో మంచి భాగం అమోనియం రూపంలోకి మారుతుంది. మొక్కకు అది తొందరగా అందుతుంది, కానీ ఎండలో పరిస్తే అంతే తొందరగా ఎగిరిపోతుంది. మోయడానికి తేలికని స్లర్రీని ఎండబెట్టి పొడి చేసేవాళ్లు, అందులోని శ్రేష్ఠమైన భాగాన్ని గాలికి వదిలి మిగతాది మోస్తున్నారు.

పొలం ప్లాంటు పక్కనే ఉంటే స్లర్రీని నేరుగా సాగునీటి కాలువలో కలపండి. కూరగాయల సాళ్లలో పోస్తే వెంటనే మట్టి కప్పండి. పొలం దూరమైతే ప్లాంటు బయట రెండు గుంటలు తవ్వండి, లోతు మూడు అడుగులు దాటనక్కర్లేదు. ఒకదాంట్లో వరిగడ్డి, ఎండుటాకులు, మొక్కజొన్న చొప్ప నరికి వేసి, రోజూ వచ్చే స్లర్రీని వాటి మీదకు వదలండి. తడిసిన పొర మీద మళ్లీ ఎండు పొర. నిండాక మట్టితో కప్పి రెండో గుంటకు మారండి. రెండోది నిండేసరికి మొదటిది ఎరువవుతుంది. పైన చిన్న పందిరి ఉంటే వానకు కొట్టుకుపోదు. తాగునీటి బావికి, బోరుకు ఈ గుంటలు కనీసం 15 మీటర్ల దూరంలో, పల్లంలో ఉండాలి. లేదంటే నైట్రేటు ఆ నీళ్లలో చేరుతుంది.

ప్లాంటు లేనివాళ్లకు: కంపోస్టు కుప్ప

కుప్ప కట్టడంలో అసలు కిటుకు కర్బనానికి, నత్రజనికి మధ్య పాళ్లు. ఒక వంతు నత్రజనికి 25–30 వంతుల కర్బనం ఉంటే కుళ్లడం చక్కగా సాగుతుంది. పేడలో ఇది 20–25, కోళ్ల ఎరువులో పది దరిదాపు, వంటింటి కూరగాయల తుక్కులో 15–20, వరిగడ్డిలో 70–80. కాబట్టి మెస్సులో మిగిలిన అన్నం కూరలు ఒక్కటే పోగుపెడితే కంపు, పురుగులు, నీరు. గడ్డి ఒక్కటే పోగుపెడితే ఏడాదైనా అలాగే ఉంటుంది. రెండూ కలిస్తే పని జరుగుతుంది. లెక్కలు కట్టే ఓపిక లేకపోతే ఒక బకెట్ తడి వ్యర్థానికి రెండు బకెట్ల నలిపిన ఎండు చెత్త అని పెట్టుకోండి.

హాస్టల్ నుంచో, టిఫిన్ సెంటర్ నుంచో ఆహార వ్యర్థం తెచ్చుకునేవాళ్లు ముందు వాళ్లతో ఒక ఒప్పందం చేసుకోవాలి. ప్లాస్టిక్ కవర్లు, చట్నీ పొట్లాలు, పేపరు కప్పులు విడిగా వేయాలి. పేపరు కప్పుకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఏరుదామనుకుంటే కుదరదు, పొలంలో ఏళ్ల తరబడి ఆ ముక్కలు తేలుతూనే ఉంటాయి. సాంబారు, పచ్చడి, ఊరగాయ ద్రవాన్ని వంపేసి గట్టి పదార్థమే తెచ్చుకోండి. అందులోని ఉప్పు కుళ్లదు, ఎగిరిపోదు, నేలలోనే చేరుతుంది. చౌడు ఛాయలున్న నేలలకు ఇది మరీ ప్రమాదం.

నీడ ఉన్న మెరక స్థలంలో ఐదు అడుగుల వెడల్పున, మీకు కావలసినంత పొడవున అడుగున కంది కట్టె, పత్తి కట్టె లాంటి గరుకు సరుకు అర అడుగు మందంలో పరవండి. గాలి కింద నుంచి వెళ్లడానికి అది అవసరం. దాని మీద జానెడు ఎండు చెత్త, నాలుగు వేళ్ల మందాన ఆహార వ్యర్థం లేదా పేడ, పేడ నీళ్లు గాని మూత్రం గాని చిలకరింపు, చివర పలచగా పొలం మట్టి. ఇదే వరుసలో నాలుగు అడుగుల ఎత్తు వచ్చేదాకా పేర్చండి. ఆహార వ్యర్థం ఎప్పుడూ బయటికి కనిపించకూడదు. కనిపిస్తే కుక్కలు, ఈగలు వస్తాయి. పొరల మధ్య టన్నుకు 10–20 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) చల్లితే రెండు లాభాలు. అందులోని జిప్సం అమోనియాను కొంత పట్టి ఉంచుతుంది, పేడలో తక్కువగా ఉండే భాస్వరం పెరుగుతుంది. సేంద్రియ ధ్రువీకరణ తీసుకున్నవాళ్లు మాత్రం సూపర్ వాడకూడదు.

తేమ చూడటానికి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార వస్తే ఎక్కువ, చేయి తడవకపోతే తక్కువ. మూడు నాలుగు రోజుల్లో లోపల వేడెక్కాలి. ఒక ఇనుప చువ్వ మధ్యలోకి గుచ్చి ఐదు నిమిషాలాగి తీసి పట్టుకుంటే చేతికి ఓర్వలేనంత వేడి తగలాలి. 55 డిగ్రీల పైన కొన్ని రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. అంచుల్లో ఆ వేడి చేరదు కాబట్టి తిరగేసేటప్పుడు బయటిది లోపలికి వేయండి.

మూడు వారాలకోసారి, మొత్తం మీద రెండు మూడుసార్లు తిరగేస్తే చాలు. వేడి మీద ఉన్న కుప్పను తిప్పిన ప్రతిసారీ కొంత అమోనియా పోతుంది. రోజూ తిప్పితే తొందరగా అవుతుందని చెప్పే సలహా నగరాల్లో చెత్త వదిలించుకునే వాళ్లకు సరిపోతుందేమో, పోషకం కావలసిన రైతుకు కాదు. అమోనియా ఘాటు వస్తే ఎండు చెత్త కలపండి. కుళ్లిన గుడ్ల కంపు వస్తే లోపల గాలి లేదు, తిరగేయండి. వేడే ఎక్కకపోతే పేడ నీళ్లో, మూత్రమో తక్కువైంది. మూడు నాలుగు నెలలకు మొదట వేసినవి గుర్తుపట్టలేనంతగా మారి, వాన పడ్డ మట్టి వాసన వస్తే ఎరువు సిద్ధం.

వానపాములతో చేయాలనుకుంటే ఈ వేడి దశ దాటిన సరుకునే, అంటే 20–25 రోజుల తరవాత, చల్లారాక వాటికి పెట్టండి. వేడి కుప్పలో, పచ్చి పేడలో అవి చచ్చిపోతాయి. నూనె, కారం, ఉప్పు ఉన్న ఆహారం కూడా వాటికి పడదు. మన ఎండలకు షెడ్డు, గోనె సంచుల కప్పు, చీమలు రాకుండా చుట్టూ నీటి కాలువ తప్పనిసరి.

కోళ్ల ఎరువు వాడేవాళ్లకు

కోళ్ల ఎరువు బలమైనది. షెడ్డులో పరిచిన పొట్టుతో కలిసిన రెట్టను లిట్టర్ అంటారు. లిట్టర్‌లో నత్రజని 3 శాతం దాకా, భాస్వరం 2.5 శాతం దాకా ఉంటుంది. పచ్చిగా మొక్క మొదట్లో వేస్తే వేళ్లు మాడిపోతాయి. ఎండు చెత్త బాగా కలిపి పైన చెప్పిన పద్ధతిలోనే మాగబెట్టండి. ఏటా ఇదే వేస్తే నేలలో భాస్వరం అవసరానికి మించి పేరుకుని, జింకు లోపం కనిపించవచ్చు. రెండేళ్లకోసారి వేయడం నయం.

ఊరు, మార్కెట్ స్థాయిలో

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ దీనికి మన దగ్గరి మంచి ఉదాహరణ. అక్కడ రోజుకు పది టన్నుల దాకా వచ్చే కూరగాయల వ్యర్థంతో బయోగ్యాస్ తీసి 500 యూనిట్ల వరకు కరెంటు తయారు చేసే ప్లాంటును భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో పెట్టారు. మార్కెట్ యార్డు, గోశాల, డెయిరీ సంఘం ఉన్న చోట ఇలాంటిది ఆలోచించేటప్పుడు గ్యాసు లెక్క మాత్రమే కాకుండా స్లర్రీ ఏ పొలాలకు వెళ్తుంది, ఎవరి ట్యాంకర్‌లో వెళ్తుంది, ఎంత ధరకు వెళ్తుంది అన్నది ప్లాంటు కట్టకముందే తేల్చుకోవాలి. స్లర్రీకి దారి లేక, చివరికి అది మురుగు కాలువలోకి పోతే పోషకాలు మళ్లీ పోయినట్టే.

జీవామృతం గురించి

జీవామృతం వాడే రైతులు చాలామంది ఉన్నారు. ఎకరానికి సరిపడే 200 లీటర్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి పడతాయి. వీటన్నిటిలో ఉన్న నత్రజని కలిపినా పావు కిలో దాటదు. నేలలో జీవం పెంచడానికి దాన్ని వాడుకోండి, కానీ ఆ రోజు వచ్చిన 50 కిలోల్లో మిగతా 40 కిలోల పేడ, మిగతా మూత్రం కుప్పకు చేరకపోతే పైరుకు తిండి చాలదు.

పొలంలో వేయడం

ఏప్రిల్, మే నెలల్లో ఎరువు తోలి, పొలమంతా చిన్న చిన్న కుప్పలుగా పోసి తొలకరి దాకా వదిలేసే పద్ధతి మనకు అలవాటు. బళ్లు, ట్రాక్టర్లు అప్పుడే ఖాళీగా దొరుకుతాయి కాబట్టి తోలడం అర్థం చేసుకోదగ్గదే. కానీ అలా తోలాల్సి వస్తే చిన్న కుప్పలు వద్దు, ఎండకు, గాలికి వాటిలోని నత్రజని పోతుంది. పొలం మూలన ఒకే పెద్ద కుప్పగా పోసి, పైన మట్టి మెత్తండి, లేదా టార్పాలిన్ కప్పండి. దుక్కి రోజున చల్లి, అదే రోజు కలియదున్నండి.

మెట్ట, మాగాణి ఏదైనా ఎకరానికి నాలుగు టన్నులు సాధారణ మోతాదు. మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం అనుకుంటే నాలుగు టన్నుల్లో 20 కిలోలు. అందులో మొదటి పంటకు అందేది మూడో వంతు దరిదాపు, మిగతాది తరవాతి పంటలకు నిదానంగా వస్తుంది. అందుకని ఎరువు వేశాం కదా అని మొదటి ఏడాదే బస్తా యూరియా ఆపేయకండి. ఎకరానికి బస్తాలో మూడో వంతు తగ్గించి, పైరు రంగు చూసుకుంటూ ఏటేటా ఇంకొంచెం తగ్గించండి. పొటాష్ మాత్రం చాలావరకు మొదటి పంటకే అందుతుంది, కాబట్టి ఆ ఖర్చు ముందే తగ్గించుకోవచ్చు.

కొత్తిమీర, పుదీనా, క్యారెట్, ముల్లంగి లాంటి పచ్చిగా తినే పంటలకు పచ్చి పేడ, స్లర్రీ వాడకండి. వేయక తప్పకపోతే కోతకు నాలుగు నెలల ముందు వేసి దున్నేయాలి.

ఎరువు తోలకముందే ఒకసారి మట్టి నమూనా తీయించండి. పొలంలో గట్లు, చెట్ల నీడ, పాత పెంటకుప్ప జాగా వదిలేసి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి, అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో పంపితే చాలు. మూడేళ్ల తరవాత అదే పొలంలో, అదే నెలలో మళ్లీ తీయించి సేంద్రియ కర్బనం, భాస్వరం, లవణాల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. లవణాల అంకె పెరుగుతుంటే ఆహార వ్యర్థం తగ్గించండి. భాస్వరం బాగా పెరిగి ఉంటే డీఏపీ బస్తా ఆపేయండి.